‘దారి చూపండి’ ఆట చివర ఎవరున్నారు?

మొన్న దసరాకి మిర్యాలగూడలో అక్కావాళ్ళింటికి వెళ్తే, మా మేనకోడలు నేల మీద బోర్లా పడుకుని, పెన్సిల్ పట్టుకుని ఒక ఆట ఆడుతోంది. మనమంతా చిన్నప్పుడు ఆడిందే. ఒక మూల కుందేలు, ఇంకో మూల క్యారెట్, మధ్యలో సందులూ గొందులూ. పైన ‘దారి చూపండి’ అని ఉంటుంది. పెన్సిల్ ఎత్తకుండా గీసుకుంటూ పోవాలి. ఈ పత్రికలో మాత్రం కుందేలు లేదు. ఒక మూల బ్యాగు తగిలించుకున్న పిల్లాడు. ఇంకో మూల నాలుగంతస్తుల భవనం, దాని నెత్తిన బోర్డు, బోర్డు మీద మా మేనకోడలు చదివే బడి పేరు. తప్పు దారుల చివర ఏమున్నాయా అని చూశాను. ఒకదాని చివర టీవీ. ఇంకోదాని చివర క్రికెట్ బ్యాటు. మూడోదాని చివర గాలిపటం.

పిల్ల రెండు నిమిషాల్లో గీసేసి “మామా, అయిపోయింది” అంది. మా బావ మురిసిపోయాడు. “సూసినవా, ఎంత ఫాస్టో!”

“ఇది అడ్వర్టైజ్‌మెంట్ గదా బావా?” అన్నాను.

“అడ్వర్టైజ్‌మెంట్ ఏంది? మొత్తం తిప్పి సూడు, ఒక్క చాక్లెట్ యాడ్ ఉందా అందుల? అందుకే మంచిగుంటది. మొత్తం చదువే.”

ఆ బడి పేరు ఇక్కడ అక్కర్లేదు. పత్రిక డబ్బులు ఫీజుతో పాటే కట్టించుకుంటారు, కాబట్టి కొనాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. పత్రిక మొత్తం తిప్పాను. ముందు పేజీల్లో ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు, పాస్‌పోర్టు సైజులో, కింద నంబర్లు. తర్వాత ఛైర్మన్ గారి సందేశం. తర్వాత ‘మెదడుకు మేత’. మధ్యలో ఒక నీతికథ: ఎప్పుడూ కథల పుస్తకాలు చదువుతూ లెక్కల్లో వెనకబడ్డ ఒక అబ్బాయి ఫౌండేషన్ బ్యాచ్‌లో చేరి ఫస్టు వస్తాడు. కథలు చదవొద్దని చెప్పే కథ! నిజమే, బావ అన్నట్టు ఒక్క చాక్లెట్ ప్రకటన కూడా లేదు.

ఈ వ్యాసం మా బావ ఇచ్చిన ఆ జవాబు మీద. ఆయన మీద కాదు. ఆయన రైస్ మిల్లులో లెక్కలు రాస్తాడు, కూతురి చదువు కోసం అప్పు చేశాడు, ఆమె చేతిలోకి చెత్త రాకూడదని నిజంగా చూసుకుంటాడు. అలాంటి మనిషికి అది ప్రకటన అని ఎందుకు కనబడలేదు?

*

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. మ్యాపులో గీతలతో కలిపితే త్రికోణం. మొదటి రెండూ 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నాయి. మూడోది సాగర్ ఎడమ కాలువ నీళ్ళ మీద, వడ్ల మీద, మిల్లుల మీద బతికే ఊరు. హైదరాబాద్ నుంచి విజయవాడ పోతూ సూర్యాపేట దగ్గర ఛాయ్‌కి దిగనివాళ్ళు మీలో తక్కువే ఉంటారు. దిగినప్పుడు ఒక్కసారి తలెత్తి హోర్డింగులు చూడండి. బంగారం దుకాణాలు, బట్టల దుకాణాలు, వాటి పక్కనే పిల్లలు. ఫలితాల సీజన్‌లో అయితే పిల్లలే ఎక్కువ. ఆ పిల్లల్లో కొందరు ఎప్పుడూ ఈ ఊరికి వచ్చి ఉండరు. ఇదే ఫొటోలు చిన్న సైజులో మా మేనకోడలి పత్రికలోకి వస్తాయి. రోడ్డు మీద ఉన్నప్పుడు హోర్డింగు, పత్రికలోకి వచ్చాక ‘స్ఫూర్తి’.

కోదాడలో నా చిన్ననాటి స్నేహితుడొకడున్నాడు. పిల్లల పత్రికల విషయంలో మా బావ కంటే పట్టింపు ఎక్కువ. ఇద్దరు కొడుకులకీ ఏదైనా పత్రిక తెప్పించాలని ఒక ఏడాది తెప్పించాడు, తర్వాత మాన్పించాడు. ఎందుకు మాన్పించావంటే లెక్క చెప్పాడు: “ఎన్ని పేజీలు కథలో, ఎన్ని పేజీలు యాడ్సో లెక్కవెట్టిన. చిప్సు, బిస్కెట్లు, బొమ్మ కార్లు. అవి చూసి మావోడు కొనియ్యమని ఏడుపు. నేను పైసలు ఇచ్చి యాడ్స్ ఎందుకు కొనాలె?” న్యాయమైన ప్రశ్న. దాని బదులు ఏం తెప్పిస్తున్నావంటే ఒక స్టడీ మ్యాగజైన్ చూపించాడు. నెలనెలా మోడల్ పేపర్లు, ఇంగ్లీషు పదాలు, జీకే బిట్లు, చివరి పేజీలో ఉచిత స్కాలర్‌షిప్ పరీక్షకి కూపను. ఆ కూపను నింపి పంపితే ఏమవుతుందో వాడికీ తెలుసు. పిల్లాడికి ‘స్కాలర్‌షిప్’ వస్తుంది. అంటే ఫీజులో కొంత తగ్గింపు. ఆ వెంటనే ఫోన్లు మొదలవుతాయి.

సూర్యాపేట బస్టాండు దగ్గర పుస్తకాలమ్మే ఆయనది ఇదే మాట, ఇంకో వైపు నుంచి. “కథల పుస్తకం అడుగుతరన్నా. తీసిస్తె రెండు పేజీలు తిప్పి, ఇందుల జనరల్ నాలెడ్జ్ ఉందా, ఇంగ్లిష్ మీనింగ్స్ ఉన్నయా అంటరు. లేవంటె ఆడనే పెట్టి పోతరు.”

ముగ్గురూ ఒకే త్రాసు వాడుతున్నారు. ఒక పళ్ళెంలో ప్రకటనలు, ఇంకో పళ్ళెంలో చదువు. ప్రకటనల వైపు మొగ్గితే చెడ్డ పత్రిక, చదువు వైపు మొగ్గితే మంచి పత్రిక. మన ఇళ్ళలో అందరూ తూచేది దీంతోనే. ఈ త్రాసు పాడైపోయి చాలా కాలమైందని నా వాదన. ఎందుకంటే ఇప్పుడు పిల్లల కాగితాల మీద అన్నిటికంటే ఎక్కువ అమ్ముతున్న సరుకు చదువే. ప్రకటన తన పళ్ళెంలోంచి లేచి వెళ్ళి చదువు పళ్ళెంలో కూర్చుంది. మనం బరువు చూసి సంతోషపడుతున్నాం.

*

ప్రకటనలు లేని స్వర్ణయుగం ఒకటుండేదని చెప్పబోవడం లేదు. ఈ చర్చ వచ్చినప్పుడల్లా అందరూ ‘చందమామ’ పేరు ఎత్తుతారు కాబట్టి అక్కడికే వెళ్దాం. 1947 జూలైలో మద్రాసు నుంచి తెలుగు, తమిళాల్లో మొదలైన చందమామ సేవాసంస్థ నడిపిన పత్రిక కాదు. సినిమా వ్యాపారం బాగా తెలిసిన బి. నాగిరెడ్డి, చక్రపాణి పెట్టింది. పాత సంచికలు తిప్పినవాళ్ళకి తెలుసు, అందులో పిప్పరమెంట్లు, బిస్కెట్లు, టూత్‌పేస్టులు, రంగుపెట్టెల ప్రకటనలు బోలెడు. కొన్ని ఏమంత అమాయకమైనవి కూడా కావు. పిల్లాడి చేత అమ్మానాన్నలని అడిగించాలన్న ఎత్తు వాటిలోనూ ఉంది.

కానీ ఆ ప్రకటనలు ఎక్కువగా అట్టల మీదా, మొదటి పేజీల్లో, చివరి పేజీల్లో ఉండేవి. పిప్పరమెంటు తాను పిప్పరమెంటునే అని చెప్పేది. బేతాళుడు విక్రమార్కుణ్ణి అడిగే ప్రశ్నకి జవాబు ఫలానా బిస్కెట్ అని ఉండేది కాదు. కథ మొదలయ్యాక ఆ పేజీలు కథవే. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆ పత్రిక పని చూసిన కొడవటిగంటి కుటుంబరావు మార్క్సిస్టు, హేతువాది. పెద్దల కోసం రాసినప్పుడు మధ్యతరగతి డాంబికాన్ని ఉతికి ఆరేసిన మనిషి. అలాంటి ఆయన పిల్లలకి మంత్రగాళ్ళ కథలు, రాక్షసుల కథలు, రాజకుమార్తెల కథలు నెలనెలా అందించాడు. దాసరి సుబ్రహ్మణ్యం రచయిత పేరైనా లేకుండా ఏళ్ళ తరబడి సీరియళ్ళు రాశాడు. చిత్రా, వపా, శంకర్ బొమ్మలు వేశారు. వీళ్ళెవరూ ఆ కథల కింద ‘దీనివల్ల మీ పిల్లలకి కలిగే ప్రయోజనాలు’ అని పట్టిక వేయలేదు.

ఇక్కడ కావలసింది ఆ పాత వాసన కాదు, ఆ గోడ. ఒక వైపు అమ్మేవాడు, ఒక వైపు చెప్పేవాడు, మధ్యలో పిల్లాడికి కూడా కనబడే గోడ. పిల్లలు పిప్పరమెంటు ప్రకటన చూసి ఏడిస్తే తండ్రి “వద్దు” అనగలడు. నా కోదాడ స్నేహితుడు అన్నాడు కూడా. మరి ‘దారి చూపండి’ ఆటకి ఎవరు వద్దంటారు? ఛైర్మన్ గారి నీతికథ కొనియ్యమని పిల్లలు ఏడవరు. ఆ ప్రకటన గురిపెట్టింది పిల్ల చేతిలోని రూపాయి మీద కాదు. తండ్రి భయం మీద.

*

చదువు పేరుతో వస్తే మనం ఏదైనా నమ్ముతాం అనడానికి పెద్ద ఉదాహరణే ఉంది. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో వైట్‌హ్యాట్ జూనియర్ అనే కోడింగ్ క్లాసుల కంపెనీ ప్రకటనల్లో వుల్ఫ్ గుప్తా అనే పిల్లాడు కనబడేవాడు. కోడింగ్ నేర్చుకున్నాడు, గూగుల్‌లో కోట్ల రూపాయల ఉద్యోగం కొట్టాడు అని. ఒక ప్రకటనలో ఉన్న జీతం ఇంకో ప్రకటనలో ఉండేది కాదు, వయసు కూడా అంతే. చివరికి తేలిందేమిటంటే అలాంటి పిల్లాడే లేడు. ఆ ఏడాది అక్టోబరులో ప్రకటనల ప్రమాణాల మండలి ఆ కంపెనీ ప్రకటనల్లో కొన్నిటిని తీసేయమంది. మా మేనకోడలి పత్రికలో లెక్కల్లో ఫస్టు వచ్చిన ఆ అబ్బాయి, ఈ వుల్ఫ్ గుప్తా ఒక తల్లి పిల్లలే. తేడా ఒక్కటే. వుల్ఫ్ గుప్తా ప్రకటనలో ఉన్నాడు కాబట్టి దొరికిపోయాడు. ఈ అబ్బాయి నీతికథలో ఉన్నాడు కాబట్టి దొరకడు.

మరి చట్టం ఏమంటోంది? చట్టం చాలానే అంటోంది. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. పిల్లల్ని ఉద్దేశించిన ప్రకటనలకి అందులో ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. ఫలానాది వాడితే తెలివి పెరుగుతుందని శాస్త్రీయమైన ఆధారం లేకుండా చెప్పకూడదు. పిల్లల అనుభవరాహిత్యాన్ని వాడుకోకూడదు. చిప్స్, కూల్‌డ్రింకుల వంటి వాటిని పిల్లల కార్యక్రమాల మధ్య, పిల్లల ఛానెళ్ళలో ప్రకటించకూడదు. ఆ చివరి వాక్యం మళ్ళీ చదవండి. కార్యక్రమాలు, ఛానెళ్ళు. పత్రిక అన్న మాట అక్కడ లేదు. 2020లో ఆహార భద్రతా సంస్థ తెచ్చిన నిబంధనలు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడి ఆవరణలోనూ, గేటుకి 50 మీటర్లలోపునా అమ్మకూడదు, ప్రచారం చేయకూడదు అంటాయి. బ్యాగులో పెట్టుకుని లోపలికి తీసుకెళ్ళే పత్రిక గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు.

కోచింగ్ ప్రకటనల మీద 2024 నవంబరులో వేరే మార్గదర్శకాలు వచ్చాయి. ర్యాంకు గ్యారంటీ అనకూడదు, నెగ్గిన విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఫొటో వాడకూడదు. అదే ఏడాది జనవరిలో కేంద్ర విద్యాశాఖ 16 ఏళ్ళు నిండని పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోవద్దని రాష్ట్రాలకి చెప్పింది. మంచిదే. కానీ ఐదో తరగతి పిల్లకి ‘ఫౌండేషన్’ నూరిపోసేది బడే అయితే? ఆ ప్రచారం బడి తన సొంత పత్రికలో, నీతికథ రూపంలో, తల్లిదండ్రుల డబ్బుతోనే వేస్తే? దాన్ని ప్రకటన అని నిరూపించడం ఎంత కష్టమో మా బావ జవాబే చెబుతోంది.

ఈ చిక్కు మనకొక్కరికే లేదు. కెనడాలో క్యూబెక్ రాష్ట్రం 1980 నుంచి 13 ఏళ్ళలోపు పిల్లల్ని ఉద్దేశించిన వ్యాపార ప్రకటనలని నిషేధించింది. 1989లో కెనడా సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లుతుందని చెప్పింది. అంత గట్టి చట్టంలో కూడా పిల్లల పత్రికలకి షరతులతో మినహాయింపు ఇచ్చారు. ప్రకటనలు లేకుండా పత్రిక బతకడం కష్టమన్న సంగతి వాళ్ళకీ తెలుసనుకుంటాను. అమెరికాలో 1946లో మొదలైన ‘హైలైట్స్’ ప్రకటనలు లేకుండానే దశాబ్దాలు నడిచింది. ఎలా నడిచిందంటే చందాలతో. అంటే ఆ ఖర్చు తల్లిదండ్రులు పెట్టుకున్నారు.

*

ఇక్కడ నా మీద రావలసిన కోపం వస్తుంది. నా కోదాడ స్నేహితుడు మొహం మీదే అన్నాడు: “నీకేంది, హైదరాబాదుల కూసోని కథలు చదవమంటవ్. మా నాయిన వేలిముద్ర. నేను డిగ్రీ చదివి కూడ ఇంగ్లిష్ రాక ఇంటర్వ్యూల నోరు తెరవలే. నా కొడుక్కి ఆ గతి రావొద్దు. ఇంగ్లిష్ మీనింగ్స్ అడిగితె తప్పేంది?”

తప్పు లేదు. వాడి మాటని తేలిగ్గా కొట్టిపారేసే హక్కు నాకు లేదు. సాగర్ కాలువ నీళ్ళు వచ్చిన తర్వాత ఒక తరం పొలం నుంచి పట్నం దారి పట్టింది ఈ చదువుతోనే. ఇంగ్లీషు ఇక్కడ ముచ్చట కోసం నేర్చుకునేది కాదు. పిల్లల కథలు గొప్పవి, జీకే చవకబారుది అని మాట్లాడేవాళ్ళలో ఎక్కువమంది తమ పిల్లల్ని ఎక్కడ చదివిస్తున్నారో నాకు తెలుసు.

అయినా వాణ్ణి ఒకటి అడిగాను. నీ కొడుకు ఆ స్టడీ మ్యాగజైన్‌లో ఏదైనా రెండోసారి చదివాడా? ఎవరూ చెప్పకుండా తనంతట తాను తీసి చదివాడా? వాడు కాసేపు ఆలోచించి “బిట్లు రెండోసారి చదువుడేంది” అన్నాడు. అదీ విషయం. చదవడం అలవాటు కావాలంటే తర్వాత ఏమవుతుందో అన్న ఆత్రం కావాలి. నాలుగు పేజీల పాటు ఒక వాక్యం వెంట ఇంకో వాక్యం పట్టుకుని పోవడం రావాలి. ఆ ఓపిక బిట్లతో రాదు. తెలుగులో పది పేజీలు ఏకబిగిన చదవలేని పిల్లాడు ఇంగ్లీషులో పది పేజీలు చదువుతాడన్నది భ్రమ. రేపు ఏ పోటీ పరీక్షలోనైనా వాడి ముందుకి పెద్ద పేరాగ్రాఫు వస్తుంది. అప్పుడు పనికొచ్చేది, ఆ రోజు ‘టైం వేస్ట్’ అని లాక్కున్న కథల పుస్తకమే. పరీక్షల భాషలో చెప్పమంటే ఇలా చెప్తాను. నాకైతే కథకి ఈ సాకు కూడా అక్కర్లేదు.

ఇంకొకటి. ఆ జీకేలో ఏముంది? మా మేనకోడలు బుర్కినా ఫాసో రాజధాని టక్కున చెప్పింది. మూసీ ఎక్కడికి పోతుందని అడిగితే “హైదరాబాద్‌కి” అంది. హైదరాబాద్ నుంచి వచ్చే మూసీ వాళ్ళ ఊరికి దగ్గర్లోనే, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. సూర్యాపేట జిల్లాలోనే ఫణిగిరి గుట్ట మీద బౌద్ధుల స్తూపం, విహారాలు బయటపడ్డాయి. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో కాకతీయుల నాటి గుళ్ళున్నాయి. రెండేళ్ళకోసారి దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతరకి లక్షల మంది వస్తారు. జాన్‌పహాడ్ ఉర్సుకి హిందువులూ ముస్లిములూ కలిసి పోతారు. వాళ్ళ నాన్న పనిచేసే మిల్లులో వడ్లని ఎందుకు ఉడకబెడతారు, ఊక ఎటు పోతుంది, తవుడులోంచి నూనె ఎలా వస్తుంది? ఇవన్నీ విజ్ఞానం కాదా? కాదు. ఎందుకంటే వీటి పేరు చెప్పి ఎవరికీ సీటు అమ్మలేరు. పిల్లల పత్రికలో ఏది విజ్ఞానమో నిర్ణయిస్తున్నది పిల్లల అవసరం కాదు. అడ్మిషన్ల సీజన్.

*

మరి మంచి పత్రికలు లేవా? ఉన్నాయి, ఉండేవి. జన విజ్ఞాన వేదిక ‘చెకుముకి’ని మూడు దశాబ్దాలకి పైగా నడుపుతోంది. సైన్సు చెప్పడమంటే బిట్లు కాదని, ఎందుకూ ఏమిటీ అని అడగడమని ఆ పత్రికకి తెలుసు. అనంతపురం జిల్లాలో ప్రకృతి బడి వాళ్ళు 2008లో ‘కొత్తపల్లి’ మొదలుపెట్టారు. పల్లెటూరి పిల్లలు చెప్పిన కథలు, గీసిన బొమ్మలు వేసి, ఎవరైనా కాపీ చేసుకుని పంచుకోవచ్చన్నారు. మణికొండ వేదకుమార్ ‘బాలచెలిమి’ తెలంగాణ పిల్లల చేత రాయించే పని చేస్తోంది. రామోజీ ఫౌండేషన్ 2013లో మొదలుపెట్టిన ‘బాలభారతం’ 2021లో ఆగిపోయింది. దానికి రెండు మూడేళ్ళ ముందు కాదు, సరిగ్గా ఇంట్లో కూర్చున్న పిల్లల చేతుల్లోకి ఫోన్లు వచ్చి పడ్డ రోజుల్లో ఆగింది. చందమామని 2007లో ముంబైలోని జియోడెసిక్ కంపెనీ కొన్నది. 2013 నాటికి అదీ లేదు.

వీటిలో ఏ ఒక్కటి ఆగినా మనం ఏడుస్తాం. కానీ లెక్క చాలా మామూలుది. కాగితానికి, బొమ్మలేసేవాళ్ళకి, పోస్టుకి ఎవరో ఒకరు డబ్బివ్వాలి. చదివేవాళ్ళ ఇళ్ళ నుంచి రాకపోతే అమ్మేవాళ్ళ దగ్గర్నుంచి రావాలి. ఒకప్పుడు పిప్పరమెంటు కంపెనీ ఇచ్చేది. అది టీవీకి, అక్కణ్ణుంచి ఫోనుకి వెళ్ళిపోయింది. ఇప్పుడు పిల్లల కాగితం మీద డబ్బు పెట్టడానికి ఉత్సాహంగా ఉన్నది బడులూ కోచింగులే. వాళ్ళు పెట్టిన డబ్బుకి పిల్లని తీసుకుంటారు. ప్రకటనలున్నాయని పత్రిక మాన్పించిన నా స్నేహితుడు తెలియకుండా చేసింది ఇదే. అట్ట మీద కనబడే ప్రకటనని పంపేసి, లోపల కనబడని ప్రకటనకి చందా కట్టాడు.

డబ్బు లేదనేది కూడా పూర్తి నిజం కాదు. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో ప్రతి ఇంటివాళ్ళూ అది కడుతున్నారు. అంటే పిల్లల పత్రికకి ఈ ఊళ్ళు చందా ఇప్పటికే కట్టేశాయి. ఆ డబ్బుతో లైబ్రరీ బల్ల మీదికి ఏం వస్తోందని అడగడమే మిగిలింది. పోటీ పరీక్షల పుస్తకాల మధ్య పిల్లల బల్ల ఒకటుందా? ఉంటే దాని మీద ఏముంది? 1922లో, నిజాం కాలంలో, తెలుగులో పత్రిక పెట్టడమే సాహసమైన రోజుల్లో, నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ‘నీలగిరి పత్రిక’ నడిపారు. అంతకు నాలుగేళ్ళ ముందే ఆ ఊళ్ళో ఆంధ్ర సరస్వతీ గ్రంథ నిలయం వెలిసింది. ఆ జిల్లాలోనే ఉన్నాం మనం.

*

ఇప్పుడు ఈ వెబ్ పత్రిక చదివే మన సంగతి. మనం తల్లిదండ్రుల్ని ఎగతాళి చేయడంలో ముందుంటాం. “చదువు పిచ్చి”, “ర్యాంకుల పిచ్చి” అంటాం. చందమామ పాత సంచికల పీడీఎఫ్‌లు గిగాబైట్ల కొద్దీ దాచుకుంటాం, వపా బొమ్మ ఒకటి ఫేస్‌బుక్‌లో పెట్టి నిట్టూరుస్తాం. మనలో ఎంతమందిమి నడుస్తున్న ఒక్క పిల్లల పత్రికకైనా చందా కట్టాం? మన ఊరి బడికి ఒక్క కాపీ పంపించామా? పిల్లల కోసం రాయమంటే మనలో సగంమంది దాన్ని సాహిత్యంలో లెక్కే వేయరు. కుటుంబరావు వేసుకున్నాడు. మనం పెద్దల కథల్లో వస్తువు, శిల్పం చర్చించుకుంటూ ఉంటే పిల్లల కథ రాసే పని బడి మార్కెటింగ్ విభాగం తీసుకుంది. ఖాళీ జాగాలోకి ఎవరో ఒకరు వస్తారు కదా.

కాబట్టి అడగాల్సినవి కొన్ని అడుగుదాం. పిల్లల పత్రికలో డబ్బు తీసుకుని వేసిన ప్రతి ముక్క పైనా ‘ప్రకటన’ అని పెద్ద అక్షరాలతో ఉండాలి. కథలో, ఆటలో, పజిల్‌లో అమ్మకం ఉండకూడదు. 2022 మార్గదర్శకాల్లోని ‘కార్యక్రమాలు, ఛానెళ్ళు’ పక్కన ‘పత్రికలు’ అన్న మాట చేరాలి. బడి తల్లిదండ్రుల డబ్బుతో వేసే పత్రికని బడి ప్రచారానికి వాడకూడదు. ప్రకటనలు వద్దనడం లేదు నేను. అట్ట మీద బిస్కెట్ ఉంటే ఉండనీ. దాంతో లోపల ఒక మంచి కథ బతికితే, ఆ బేరం పిల్లలకి చెప్పగలం. “ఇది వాళ్ళు అమ్ముకోడానికి వేసింది, ఇది నీకోసం రాసింది” అని వేలు పెట్టి చూపించగలం. అలా చూపించలేని పత్రికే ప్రమాదం.

తల్లిదండ్రులకి ఒక చిన్న పరీక్ష చెప్తాను. పత్రికలో బడి పేరు, కంపెనీ పేరు, లోగో ఎక్కడున్నా పెన్నుతో కొట్టేయండి. తర్వాత చదవడానికి ఏం మిగిలిందో చూడండి. చందమామలో అన్ని ప్రకటనలూ చింపేసినా కథలన్నీ ఉంటాయి. మా మేనకోడలి పత్రిక మీద ఇదే చేశాను. భవనం మీద పేరు కొట్టేశాను. అయినా ప్రకటన పోలేదు. బ్యాటు ఇంకా తప్పు దారిలోనే ఉంది. గాలిపటం ఇంకా తప్పు దారిలోనే ఉంది. పేరు తీసేసినా చెప్పాలనుకున్నది పిల్లకి చెప్పేసింది.

అందుకని ఆ సాయంత్రం రబ్బరు తెచ్చి, తను గీసిన గీత చెరిపేసి, పత్రిక మళ్ళీ తన ముందు పెట్టాను. “ఈసారి గాలిపటం దగ్గరికి పో” అన్నాను.

“అది రాంగ్ కదా మామా?”

“దారి ఉందిగా. పో.”

పెన్సిల్ మొన కాగితం మీద ఆనించి పట్టుకుంది. గీయకుండా ఒక్క క్షణం ఆగి, వాళ్ళ నాన్న వైపు చూసింది.